మీ ముందా, మా ముందా?

ప్రమీలా,

బాగున్నావా అని అడగను. నువ్వు వెళ్ళి పది నెలలు దాటింది. చనిపోయినవాళ్ళతో మాట్లాడకూడదని మన చర్చి సంఘంలో చెప్తారు. నేను మాట్లాడటం లేదు. రాస్తున్నాను.

మొదట ఆ రోజు సంగతి రాస్తాను. ఇంతవరకు ఎవరికీ వరసగా చెప్పలేదు.

అది గురువారం. పాపకు పంతొమ్మిది రోజులు. పొద్దున నీ ఎడమ కాలి పిక్క వాచి ఉంది. రెండు రోజులుగా లాగుతోందన్నావు. కాన్పుకని వచ్చి ఉన్న మీ అమ్మ, అదే మా అత్త, వేడి నూనె రాసి పిసికింది. కాన్పు తర్వాత కాళ్ళు వాయడం మామూలేనని ఆమె అంది. నేనూ అలాగే అనుకున్నాను. ఎనిమిదిన్నరకు ల్యాబుకు వెళ్ళిపోయాను.

శనివారం పాపను చోరనూరికి, మీ అమ్మ ఇంటికి, తీసుకుపోవాలని అనుకున్నాం కదా. కారులో పాపకు వేరే సీటు లేకుండా గడప దాటనని నీ పట్టుదల. అందుకని మధ్యాహ్నం సెలవు పెట్టి, చిన్నపిల్లల సామాన్లు అమ్మే అంగడికి పోయాను.

పన్నెండూ ఇరవైకి నీ ఫోను వచ్చింది.

"కాలు బరువుగా ఉండాదప్పా. ఊపిరి గూడ ఒక మాదిరి ఉండాది. ముందు డాక్టరు దగ్గరికి పోదాం."

సరే అన్నాను. పెట్టేశాను.

ఒంటిగంటా ఇరవైకి ఇంటికి చేరాను. కారు వెనక సీటులో రెండు డబ్బాలు. ఒకటి పాప సీటు, ఒకటి స్ట్రోలర్, పాపను తోసుకుపోయే బండి. నువ్వు వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నావు. పెదాల రంగు మారిపోయింది. డబ్బాల వైపు చూసి "తెచ్చినావా?" అన్నావు. ఆ తర్వాత నువ్వు మాట్లాడలేదు.

నిన్ను పడుకోబెట్టడానికి వెనక చోటు లేదు. డబ్బాలు దించి వరండాలో పెట్టాను. పాపను పక్కింటి ఆమె చేతికిచ్చి, అత్త నీ తల ఒళ్ళో పెట్టుకుంది. రెండున్నరకు డాక్టరు బయటికి వచ్చాడు. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరిందట. ఒక గంట మునుపు తెచ్చి ఉంటే అని అడిగాను. ఆయన చెప్పలేమన్నాడు.

ఆ రోజు అంతే.

ఈ ఉత్తరంలో ఒక మాట వాడకుండా జాగ్రత్తపడుతున్నాను. నువ్వు అన్నది అన్నట్టు రాసినచోట, ఆ మాట గురించే రాసినచోట తప్ప. పది నెలలుగా నోటితో కూడా అనటం లేదు. 'మొదట' అంటాను, 'తర్వాత' అంటాను, 'ఎదురుగా' అంటాను. ల్యాబులో వాళ్ళు నా తెలుగు పుస్తకాల్లోకి ఎక్కిందని నవ్వుకుంటారు.

వాళ్ళకేం తెలుసు...

నేను గుత్తి వాణ్ణి. మా ఊళ్ళో 'ముందు' అంటే మొదట. నువ్వు చోరనూరు పిల్లవు. కన్నడ బడిలో చదివి, కన్నడ బడిలోనే పాఠాలు చెప్పినదానివి. కన్నడంలో ఆ మాటకు 'ఇక రాబోయేది, తర్వాతిది' అని అర్థం. నీ తెలుగులోకీ ఆ అర్థమే వచ్చి కూర్చుంది. పెళ్ళైన వారంలో ఒక సాయంత్రం టీ తాగుదామా అని అడిగాను. "ముందు తాగుదాం" అన్నావు. నేను గ్లాసు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. నువ్వు చెప్పులేసుకుని వాకిట్లో నిలబడి, "ఏందప్పా, మార్కెట్టుకు వస్తాండావా లేదా?" అన్నావు. టీ సంగతి అడిగితే, "ముందు అంటి గదా. చెవుల్లో ఏం పెట్టుకున్నావు?" అన్నావు.

ఆ రోజు మార్కెట్టు అంతా దానిమీదే కొట్లాడుకున్నాం. చివరికి నవ్వుకున్నాం.

అక్కడి నుంచి మనకొక అలవాటు వచ్చింది. నువ్వు ఆ మాట అన్న ప్రతిసారీ నేను అడిగేవాణ్ణి: "మీ ముందా, మా ముందా?" మా ముందు అయితే మొదట. మీ ముందు అయితే తర్వాత. ఫోనులో అడిగేవాణ్ణి, బస్సులో అడిగేవాణ్ణి. గుడిలో అయ్యగారు "ముందు ప్రార్థన చేసుకుందాం" అన్నప్పుడు నువ్వు పక్క బెంచీలోంచి వంగి "ఎవరి ముందప్పా?" అని గుసగుసలాడేదానివి. నాకు నవ్వు ఆగక తల దించుకునేవాణ్ణి. భక్తిపరుడినని పెద్దలు అనుకునేవారు.

మూడేళ్ళలో ఆ ప్రశ్న అడగకుండా నేను ఒక్కసారి కూడా వదిలిపెట్టలేదు.

ఆ గురువారం తప్ప.

పాప పుట్టిన మూడో రోజు ఆసుపత్రి మంచం మీద నువ్వే ఒక మాట అన్నావు. గుర్తుందా? "పాపకు రెండు ముందులు నేర్పితే తల తిరుగుతాదప్పా. ఇంట్లో ఒకటే ముందు ఉండనీ. నీదే ఉండనీలే. నాది బడిలో ఉంటాది." నేను సరేనన్నాను. ఏదో పెద్ద కానుక ఇచ్చినట్టు చెయ్యి చాపావు. చెయ్యి కలిపాను. ఆ తర్వాత కొన్నిసార్లు గుర్తుపెట్టుకుని వాడావు. కొన్నిసార్లు మరిచిపోయి నాలుక కరుచుకున్నావు.

మరి ఆ గురువారం ఏ ముందు అన్నావు?

నేను ఎందుకు అడగలేదు?

ఎందుకు అడగలేదో నాకు తెలుసు. అది రాస్తాను.

ఈ సీటు సంగతి నువ్వు మొదటిసారి ఎత్తినప్పుడు నేను నవ్వాను. మీ అమ్మ ఎదుటే నవ్వాను. తల్లి ఒడి ఉండగా సీటు ఎందుకన్నాను. అత్త కూడా నా పక్షమే. "మేమంతా కుర్చీల్లో పెరిగినామా? ఒళ్ళో పెట్టుకోని పోతే సాలదా?" అంది. నువ్వు లోపలికి పోయి చీపురు పుల్లకు నిమ్మకాయ గుచ్చి తెచ్చావు. బడిలో పిల్లలకు చూపించినట్టు మా ఇద్దరికీ ఎదురుగా నిలబడ్డావు. "ఇది బిడ్డ తల. ఇది మెడ. బ్రేకు ఏస్తే చూడండి" అని పుల్లను గట్టిగా ఊపి ఆపావు. నిమ్మకాయ ఊడి బీరువా కిందికి దొర్లింది. పాప వెనక్కి తిరిగి కూర్చుంటే వీపంతా సీటుకు ఆనుకుంటుందని, మెడ మీద బరువు పడదని చెప్పావు. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. అప్పుడు అన్నావు:

"మీ ల్యాబులో గాజు సీసాకు గూడ మెత్తని పెట్టె ఉండాదంటివే. నా బిడ్డకు వద్దా?"

నవ్వు ఆగిపోయింది. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు నువ్వు.

అందుకే ఆ రోజు డబ్బాలు చేతిలో పట్టుకునే ఇంటికి రావాలనుకున్నాను. నీ ఫోను వచ్చేసరికి అంగడాయన నేలమీద రెండు స్ట్రోలర్లు విప్పి పెట్టి ఉన్నాడు. నీ చీటీ నా చేతిలో ఉంది. నువ్వు తెలుగును కన్నడ అక్షరాల్లో రాస్తావు కదా, కూడబలుక్కుని చదువుకుంటున్నాను. చక్రాలు పెద్దవి ఉండాలి, కంటోన్మెంటు రోడ్డు గుంతలకు తట్టుకోవాలి. పాపను లేపకుండా సీటు సీటుగా కారులోంచి తీసి బండి మీద బిగించగలగాలి. పెద్దయ్యేకొద్దీ అదే బండి పడక నుంచి కుర్చీ కావాలి. పాప ముఖం మన వైపు ఉండాలి, రోడ్డు వైపు కాదు. ఒక చేత్తో మడవగలగాలి, ఇంకో చేతిలో పాప ఉంటుంది కాబట్టి. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాలతో, ఇంకో బిడ్డకు సీటు తగిలించే కొక్కెం. దాని పక్కన 'ముందు' అని రాశావు.

అది మీ ముందు. అక్కడ నాకు అనుమానం లేదు. కానీ ఆ చీటీ నువ్వు కాన్పుకు నెల కిందట రాసింది, మనం చెయ్యి కలపకమునుపు. దాన్ని సాక్ష్యంగా పెట్టుకోలేను.

నువ్వు డాక్టరు అన్నావు. నా చేతిలో స్ట్రోలర్ పిడి ఉంది. మీ ముందు అనుకున్నాను. అంటే తర్వాత. ఇల్లు అక్కడికి పది నిమిషాలు. నేను యాభై నిమిషాలు అంగట్లోనే ఉన్నాను, ప్రమీలా. ఒక చేత్తో మడవడం నేర్చుకున్నాను. ఏడెనిమిదిసార్లు మడిచి విప్పాను. నీకు చూపించాలని.

నీ మాటకు రెండు అర్థాలున్నాయి. నాకు అనుకూలమైనది నేను తీసుకున్నాను.

ఇక నువ్వు వెళ్ళాక జరిగినవి.

డబ్బాలు రెండూ లోపలికి తెచ్చి నీ బీరువా పక్కన పెట్టాను. తెరవలేదు. భూస్థాపన మరునాడు మీ అమ్మ పాపను చోరనూరికి తీసుకుపోయింది. జీపులో డ్రైవరు పక్కన కూర్చుని, ఒళ్ళో పెట్టుకుని. ఖనిజం లారీల మధ్య. నేను వెనక కూర్చుని ఉన్నాను. సీటు ఇంట్లో ఉంది. చెప్పాలి కదా... చెప్పలేదు. లారీ ఎదురైన ప్రతిసారీ ఆ నిమ్మకాయ దొర్లడం కనబడింది.

ప్రతి ఆదివారం ఆరాధన ముగిశాక చోరనూరు పోతాను. పాప గోడ పట్టుకుని నిలబడుతోంది. పైన రెండు పళ్ళు, కింద రెండు. నీలాగే ఎడమచేతి వాటం అనిపిస్తోంది. కోపం వస్తే ఊపిరి బిగబడుతుంది, అత్త ముఖం మీద ఊదుతుంది. నన్ను చూస్తే మొదట్లో ఏడ్చేది. ఇప్పుడు ఏడవదు. ఎక్కడో చూసినట్టుందే అన్నట్టు తేరిపార చూస్తుంది. ఇంకా బాప్తిస్మం ఇప్పించలేదు. పేరు మాత్రం నువ్వనుకున్నదే. దీవెన.

పరామర్శకు వచ్చినవాళ్ళకు అత్త ఒక మాట చెప్పేది. ఇప్పటికీ చెప్తుంది. "కొత్త బండి వస్తాదని చీర మార్చుకోని తయారై కూచ్చునింది నా బిడ్డ. పాపను దాంట్లో పెట్టుకోని రోడ్డుమీద తిరగల్లని ఆశ. దాన్ని తోసేకి లేకపాయ."

నేను ఆ మాట వింటూ పక్కన కూర్చుంటాను.

పోయిన ఆదివారం నేను వెళ్ళేసరికి పాపకు స్నానం. వీధిలో ఉండే ఒక పెద్దామె కాళ్ళు చాపుకుని కూర్చుని పాపకు నూనె రాస్తోంది. అత్త తువాలు పట్టుకుని నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. ప్రతివారం ఇలాగే చూశాను. కానీ అది ఎందుకో ఆలోచించలేదు. "నువ్వే రాయొచ్చు కదా అత్తా" అన్నాను.

ఆమె తువాలు మడత పెడుతూ అంది:

"నా చేతులు మంచివి కాదులే నాయనా. ఆ కాలు నేను పిసకకుంటే నా బిడ్డ ఉండునంట. నర్సు పని చేసిన ఆమె ఎవరో ఊర్లో చెప్పిరి."

పది నెలలుగా మీ అమ్మ పాప కాళ్ళకు నూనె రాయలేదు. తన చేతులకు భయపడి.

ఆమే మళ్ళీ అంది: "అంత బాధ ఉంటే నాతో అన్నా చెప్పల్ల గదా. నేను పెరట్లో పాప గుడ్డలు ఉతుకుతాంటిని. ఒక్క పిలుపు పిలిస్తే వస్తును. నాతో చెప్పలే. నీతో గూడ చెప్పలే."

నేను ఊఁ అన్నాను.

అవును ప్రమీలా. ఊఁ అన్నాను. అదొక్క అక్షరం. కారులో తిరిగి వస్తూ తారానగర్ దాటాక పక్కకు ఆపి చాలాసేపు కూర్చున్నాను. ల్యాబులో ఖనిజం నమూనాల మీద తప్పుడు అంకె వేస్తే నా సంతకం చెల్లదు. ఇక్కడ మీ అమ్మ చేతుల మీద తప్పుడు మాటకు ఊఁ అని వచ్చాను. ఎవరూ అడగలేదు.

బయల్దేరేటప్పుడు మాత్రం ఒకటి అడిగాను. పాపను తీసుకుని కంటోన్మెంటులో మన ఇంటికి వచ్చేయమన్నాను. నేను ఒక్కణ్ణే పాపను చూసుకోలేను, ఆమె లేకుండా పాప ఉండలేదు. అత్త శనివారం రమ్మంది.

రేపే శనివారం.

ఈ రోజు ల్యాబు నుంచి త్వరగా వచ్చి డబ్బాలు తెరిచాను. కత్తెర వెతుక్కోవడానికే చాలాసేపు పట్టింది, నువ్వు ఎక్కడ పెట్టేదానివో. స్ట్రోలర్ బాగానే ఉంది. చెయ్యి దాన్ని మరిచిపోలేదు. ఒక్క చేత్తో మడతపడింది. కారు సీటు దగ్గరే అనుమానం వచ్చింది. బుజ్జిగా, గంపలా ఉంది. పంతొమ్మిది రోజుల పాప కోసం తెచ్చింది కదా. దాన్ని పట్టుకుని ఆ అంగడికే పోయాను. అంతకాలం ఆ వీధిలోకి పోలేదు.

అంగడాయన గుర్తుపట్టి, అక్కడున్న అలాంటి స్ట్రోలర్నే చూపించాడు. "ఆ దినం ఇద్దో దీన్ని మడిచి మడిచి చూసిరి గదా సార్. పాప బాగుండాదా? మేడమ్ బాగుండారా?"

పాప బాగుందన్నాను.

"బరువెంత సార్ పాప?"

నాకు తెలియదు, ప్రమీలా. రోజంతా తూకం మీద పని చేసేవాణ్ణి. రాతిపొడి చిటికెడు తేడా వస్తే పట్టుకునేవాణ్ణి. నా బిడ్డ బరువెంతో నాకు తెలియదు. అత్తకు ఫోను చేశాను.

"బరువా? ఎత్తుకుంటే తెలుస్తాది నాయనా" అంది.

ఎగతాళి కాదు అది. మామూలుగానే అంది. కాసేపటికి, "అంగన్వాడీలో తూకం ఏసిరి లే. ఎనిమిదిన్నర. పొడుగు నా జానతో నాలుగు జానలు" అంది. పొడుగు వినగానే అంగడాయన పాత సీటు మీద తన జాన పెట్టి కొలిచి తల అడ్డంగా ఊపాడు. బరువు ఆగుతుంది కానీ పాప తల సీటు అంచుకు వచ్చేసిందట, నెల తిరిగేసరికి పైకి వస్తుందట. ఇది కాదు, పెరిగేకొద్దీ మారే సీటు తీసుకోమన్నాడు. పట్టీలు భుజం ఎత్తుకు జరుగుతాయి. వెనక్కీ తిప్పి బిగించవచ్చు, రోడ్డు వైపూ తిప్పి బిగించవచ్చు. నాలుగేళ్ళు వస్తుంది. మన పాత కారులో సీటు సందున ఇనుప కొక్కేలు లేవు కాబట్టి కారు బెల్టునే సీటు వెనక నుంచి దూర్చి బిగించే రకం చూపించాడు. పట్టీ వేశాక భుజం దగ్గర రెండు వేళ్ళతో గిల్లి చూడాలట, మడత చేతికి రాకూడదట. నువ్వు ఇవన్నీ నాకు ఎప్పుడో చెప్పావు. ఇప్పుడు బుద్ధిగా విన్నాను.

ఇంట్లో ఉన్న బండి పనికొస్తుందా అని అడిగాను. బాగా పనికొస్తుందన్నాడు. పడక తీసి కుర్చీ వేసుకోవచ్చు, పాప ముఖం తోసేవాళ్ళ వైపు పెట్టుకోవచ్చు. "కొక్కెం గూడ ఉండాది సార్ దానికి. ఇంకొకరు వస్తే పక్కన సీటు తగిలించేకి. ఫ్యామిలీ పెరుగుతాంటాది గదా" అన్నాడు.

సీటు ఎటు తిప్పి బిగించాలో మళ్ళీ అడిగాను. మాట మార్చడానికి.

ఆయన సీటును వెనక్కి తిప్పి తట్టి చూపించాడు. "ఇట్ల సార్. రోడ్డు వైపు ముందు తిప్పుకుందురు."

నా నోటి నుంచి వచ్చేసింది.

"మీ ముందా, మా ముందా?"

పది నెలల తర్వాత. అంగట్లో, అందరి మధ్య. నాకు నేనే వినబడ్డాను. ఆయన బిత్తరపోయి, "ఏంది సార్?" అన్నాడు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఆయన నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి ఏమీ అడగకుండా లోపలికి పోయాడు. మంచివాడు. కాసేపటికి నేనే లోపలికి పోయి, "తర్వాత అనేనా మీరన్నది?" అన్నాను. "అవును సార్. పాప దొడ్డది అయినాక" అన్నాడు.

చూశావా... అడగడానికి ఎంతసేపు పట్టింది? ఒక్క ఊపిరి పట్టే మాట.

ఇంతవరకు రాసి ఆపాను. లేచి నీళ్ళు తాగి వచ్చాను. రాసినది మళ్ళీ చదువుకున్నాను. ఇందులో ఒక అబద్ధం ఉంది.

నువ్వు ఏ ముందు అన్నావో నాకు తెలియదన్నట్టు రాశాను. పది నెలలుగా ఆ ప్రశ్న నన్ను నేనే అడుక్కుంటున్నాను. జవాబు లేని ప్రశ్న అయితే దానితో బతకవచ్చు. అందుకని.

నాకు తెలుసు, ప్రమీలా.

నేను వచ్చేసరికి నువ్వు వరండాలో కూర్చుని ఉన్నావని రాశాను. మిగతాది రాయలేదు. నీ కాళ్ళకు చెప్పులున్నాయి. వాచిన కాలికి కూడా, పట్టీ పెట్టుకోకుండా, ఎలాగో దూర్చుకున్నావు. బయటికి పోయే చీర కట్టుకున్నావు. ఒళ్ళో ఆసుపత్రి ఫైలు ఉంది. నేను వస్తే నేరుగా కారు ఎక్కాలని గేటుకు దగ్గరగా కుర్చీ వేసుకుని కూర్చున్నావు. యాభై నిమిషాలు. స్ట్రోలర్ కోసం ఎవరూ ఒళ్ళో ఆసుపత్రి ఫైలు పెట్టుకుని కూర్చోరు.

నువ్వు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నావు. నా ముందునే అన్నావు. మొదట డాక్టరు దగ్గరికి పోదాం అన్నావు.

నిన్ను ఎత్తేటప్పుడు ఫైలు కింద పడింది. అత్త చూడలేదు. సాయంత్రం నేను ఒక్కణ్ణే ఇంటికి వచ్చినప్పుడు అది కుర్చీ కింద ఉంది. తీసి బీరువాలో బట్టల అడుగున పెట్టాను. అక్కడే ఉంది. అందుకే మీ అమ్మకు నువ్వు బండి కోసం తయారైనట్టుగానే మిగిలిపోయావు.

"తెచ్చినావా?" అన్నావు నన్ను చూసి. ఎందుకింత ఆలస్యం అనలేదు. అడిగి ఉంటే బాగుండేది... లేదా డబ్బాలు చూసి నిజంగానే సంతోషపడ్డావా? ఇది మాత్రం నాకు నిజంగా తెలియదు.

ఒక గంట మునుపు పోయి ఉంటే నువ్వు ఉండేదానివో కాదో డాక్టరుకే తెలియదు. అత్త పిసకడం వల్లే జరిగిందో కాదో ఎవరికీ తెలియదు. కానీ నువ్వు ఎవరికీ చెప్పలేదన్నది మాత్రం నిజం కాదు. నువ్వు చెప్పావు. నాకు చెప్పావు. అది మీ అమ్మకు తెలియాలి. ఆమె బిడ్డ నోరు విప్పకుండా చనిపోలేదు.

మొదట నేను వేరేలా అనుకున్నాను. రేపు ఇద్దరినీ ఇక్కడికి తెచ్చుకుందాం, వాళ్ళు కుదురుకోనీ, పాప నాకు చేరిక కానీ, ఆ తర్వాత నెమ్మదిగా అత్తకు చెబుదాం అనుకున్నాను. అంటే మీ ముందు. మళ్ళీ నాకు అనుకూలమైనదే.

విన్నాక ఆమె పాపను నా చేతికి ఇస్తుందో లేదో తెలియదు. ఇవ్వకపోతే అడగను. సీటు కారులోనే ఉంటుంది. ప్రతి ఆదివారం దానితోనే పోతాను, ఆమె ఇచ్చేదాకా.

సాయంత్రం వెలుతురుండగానే సీటు బిగించాను. వెనక సీటులో, ముఖం వెనక్కి. బెల్టు మీద మోకాలు ఆనించి లాగి కట్టాను. రెండు చేతులతో ఊపి చూశాను. కదల్లేదు. స్ట్రోలర్ డిక్కీలో పెట్టాను. కుర్చీ ముఖం తోసేవాళ్ళ వైపు తిప్పాను. తోసేది అత్తో నేనో... ఎవరైతే వాళ్ళను చూస్తుంది పాప. ఆ రెండో బిడ్డ కొక్కెం తీసెయ్యలేదు. నువ్వు అడిగి పెట్టించుకున్నది.

ఫైలు బట్టల కిందనుంచి తీసి డ్రైవరు పక్క సీటు మీద పెట్టాను.

రేపు పొద్దున ఆరింటికి బయల్దేరుతాను. ఎనిమిదిలోపు చోరనూరు చేరతాను. పాప గోడ పట్టుకుని నిలబడి నన్ను చూస్తుంది. ఎత్తుకోను. మూటలు కారులో సర్దను. అత్త కాఫీ ఇస్తే తాగను. ఫైలు ఆమె చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చుని, ముందు ఆమెకు చెప్తాను.

మా ముందు, ప్రమీలా.